బూట్ అయింది, ఇక పని మొదలు

కొత్త ప్రాసెసర్ మీద లినక్స్ తొలిసారి లేచినప్పుడు కనిపించేది నల్లటి తెర, దాని మీద పరుగెత్తే తెల్లని అక్షరాల వరుసలు, అన్నిటికీ చివర లాగిన్ పేరు అడుగుతూ మిణుకుమనే ఒక గీత. ఆ తెరను ఫొటో తీస్తారు, నలుగురికీ పంచుతారు, 'ఫలానా చిప్ మీద లినక్స్ నడిచింది' అని వార్త వస్తుంది. చదివినవారికి కథ అక్కడితో ముగిసినట్టే.

రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఆర్కిటెక్చర్‌కు మద్దతు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి లినక్స్ కెర్నెల్ 4.15లో చేరింది. ఆ కెర్నెల్ విడుదలైంది 2018 జనవరి 28న. సర్వర్ల నిర్వాహకులు ఎక్కువగా నమ్మే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకటైన డెబియన్ మాత్రం రిస్క్-ఫైవ్‌ను తన స్థిరమైన విడుదలలో అధికారికంగా చేర్చుకుంది 2025 ఆగస్టు 9న, డెబియన్ 13తో. మధ్యలో ఏడున్నరేళ్లు. కెర్నెల్ నడిచాక కూడా అన్నేళ్లు పట్టే పని ఏముంది?

ఆ ఏడున్నరేళ్లలో కొత్త చిప్ కోసం కొత్తగా రాసిన కోడ్ కంటే, పాత చిప్‌ల నీడలో ఎవరూ గమనించకుండా పేరుకున్న అలవాట్లను వదిలించడానికి పట్టిన కాలమే ఎక్కువ. ఆ అలవాట్ల కథే ఇది.

రిస్క్-ఫైవ్ ఒక చిప్ పేరు కాదు. ప్రాసెసర్‌కు ఏ ఆదేశాలు అర్థం కావాలో, ఒక్కో ఆదేశాన్ని ఏ బిట్ల వరుసలో రాయాలో చెప్పే నిర్దేశ పత్రం అది. 2010లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో క్రస్తే అసనోవిచ్, ఆయన విద్యార్థులు ఆండ్రూ వాటర్‌మన్, యున్‌సప్ లీ దీన్ని మొదలుపెట్టారు. డేవిడ్ ప్యాటర్సన్ వారికి తోడయ్యారు. ఆర్మ్ ఆదేశాలతో చిప్ చేయాలంటే ఆర్మ్ కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. ఇంటెల్ ఆదేశాలైతే బయటివారికి దాదాపు తలుపులు మూసినట్టే. రిస్క్-ఫైవ్ ఆదేశాల జాబితాను మాత్రం ఎవరైనా, ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు.

ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఓపెన్ సోర్సే కదా, సోర్స్ కోడ్ చేతిలో ఉంది, కొత్త చిప్‌కు మళ్లీ కంపైల్ చేస్తే పోలేదా? సంగీతం తెలిసినవారికి ఇలా చెప్పవచ్చు. కీర్తన ఒకటే. వీణ వాయించేవారి కోసం ఏ మెట్టు మీద ఏ వేలు పెట్టాలో రాసిన కాగితం వేణువు వాయించేవారికి పనికిరాదు. కీర్తన సోర్స్ కోడ్, వేళ్ల గుర్తులున్న కాగితం బైనరీ, కీర్తన చూసి కాగితం రాసిపెట్టేది కంపైలర్. వేణువుకు కొత్త కాగితం రాయించుకోవడం సులువైన పనే. చిక్కల్లా ఏమిటంటే, ఎన్నో ఏళ్లుగా వీణ మీద మాత్రమే వాయించినవారు కీర్తనలోనే అక్కడక్కడ 'ఇక్కడ తీగను పక్కకు లాగాలి' అని రాసేశారు. వేణువుకు తీగ ఎక్కడిది?

డెబియన్‌లో ఇలాంటి కీర్తనలు, అంటే సోర్స్ ప్యాకేజీలు, ముప్ఫై వేలకు పైగా ఉన్నాయి.

మొదట తేల్చుకోవాల్సిన ఒప్పందం

ఒక్క ప్యాకేజీ కట్టకముందే కుదరాల్సిన ఒప్పందం ఒకటుంది. ఒక ఫంక్షన్ మరో ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు విలువలను ప్రాసెసర్ లోపలి గళ్లలాంటి ఏ రిజిస్టర్లలో పెట్టాలి, జవాబు ఎక్కడ దొరకాలి, దశాంశ సంఖ్యలు ఏ దారిన వెళ్లాలి అనే నియమాలివి. ఈ రంగంలో దీన్ని ఏబీఐ అంటారు. రిస్క్-ఫైవ్‌లో పూర్ణాంకాలకు ముప్ఫై రెండు రిజిస్టర్లున్నాయి. వాటిలో మొట్టమొదటిది ఎప్పుడూ సున్నానే. అందులో ఏది రాసినా నిలవదు. ఫంక్షన్‌కు అందించే విలువల కోసం ఎనిమిది రిజిస్టర్లు కేటాయించారు. వినడానికి గుమాస్తా లెక్కల్లా ఉన్నా, ఒక లైబ్రరీ ఒక నియమంతో, దాన్ని పిలిచే ప్రోగ్రాం మరో నియమంతో తయారైతే రెండూ విడివిడిగా సరైనవే అయినా కలిసినప్పుడు చెత్త లెక్కలు వస్తాయి. ఒకసారి ప్యాకేజీలు జనం చేతికి వెళ్లాక నియమం మార్చడమంటే అన్నిటినీ పారేసి మళ్లీ మొదలుపెట్టడమే.

డెబియన్‌కు ఈ బాధ కొత్తది కాదు. 32 బిట్ల ఆర్మ్ చిప్‌ల కోసం అది ఏళ్ల తరబడి రెండు వేరు వేరు పోర్టులను, అంటే ఒక్కో రకం చిప్‌కు తగ్గట్టు కట్టిన కూర్పులను, మోసింది. ఒకటి ఆర్మెల్, రెండోది ఆర్మ్‌హెచ్‌ఎఫ్. దశాంశ సంఖ్యలను ఎలా అందించాలన్న దగ్గర రెండూ విడిపోయాయి. చిప్ కుటుంబం ఒకటే, సోర్స్ ఒకటే, అయినా ప్రతి ప్యాకేజీ రెండుసార్లు కట్టాలి.

రిస్క్-ఫైవ్‌లో ఈ సమస్యకు ఇంకో పొర ఉంది. దాని ఆదేశాల జాబితా ముక్కలు ముక్కలుగా ఉంటుంది. గుణకార భాగహారాలు ఒక ముక్క, అటామిక్ ఆదేశాలు ఒకటి, దశాంశ సంఖ్యలవి రెండు, మామూలు నాలుగు బైట్ల బదులు రెండు బైట్లలో ఇమిడే కుదించిన ఆదేశాలు ఇంకొకటి. చిప్ చేసేవారు తమకు కావలసినవి ఏరుకోవచ్చు. మరి ఆపరేటింగ్ సిస్టమ్ ఏ ముక్కలు తప్పకుండా ఉంటాయని నమ్ముకోవాలి? తక్కువ నమ్ముకుంటే పెద్ద చిప్‌ల శక్తి వృథా అవుతుంది. ఎక్కువ నమ్ముకుంటే చిన్న చిప్‌లు బయట నిలబడతాయి. డెబియన్ పైన చెప్పిన ముక్కలన్నీ కలిసిన ఆర్‌వీ64జీసీ దగ్గర గీత గీసింది. పెద్ద లెక్కలను గుంపుగా చేసే వెక్టర్ ఆదేశాలు అందులో లేవు. వాటి నిర్దేశం ఖరారైందే 2021 చివర్లో.

డెబియన్ మీద ఆధారపడిన మరో ఆపరేటింగ్ సిస్టమ్ ఉబుంటు వేరే దారి పట్టింది. 2024 అక్టోబరులో ఖరారైన ఆర్‌వీఏ23 అనే ప్రమాణం వెక్టర్ ఆదేశాలనూ, ఒకే యంత్రంలో పలు యంత్రాలను నడిపే వర్చువలైజేషన్ ఆదేశాలనూ తప్పనిసరి చేసింది. ఉబుంటు 25.10 దాన్నే తన కనీస అర్హతగా పెట్టుకుంది. దాంతో అప్పటికి జనం కొని వాడుకుంటున్న బోర్డులు దాదాపు అన్నీ బయటపడ్డాయి. నా మొగ్గు డెబియన్ వైపే. ఉన్న యంత్రాన్ని వదిలేసి రాబోయే యంత్రానికి పీట వేయడం నాకు మింగుడు పడదు. అయినా ఉబుంటు వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. రేపు డేటా సెంటర్‌కు వచ్చే చిప్‌లో వెక్టర్ లేకుండా ఉండదు. ముందుముందు పదేళ్లు మోయాల్సిన విడుదలలకు నిన్నటి బోర్డు కొలత కావాలా అన్నది న్యాయమైన ప్రశ్నే.

ఈ ఒప్పందాలు కాగితం మీద ఉంటే చాలదు, కంపైలర్‌లోనూ దాదాపు ప్రతి ప్రోగ్రాం ఆధారపడే ప్రధాన సీ లైబ్రరీ జీలిబ్‌సీలోనూ ఇమడాలి. జీసీసీ కంపైలర్ ఏడో వెర్షన్‌లో 2017లో, జీలిబ్‌సీ 2.27లో 2018 ఫిబ్రవరిలో రిస్క్-ఫైవ్ చేరింది. డెబియన్ పోర్టుకు గట్టి నేల దొరికింది అప్పుడే. అంతకు ముందు ఉత్సాహంతో కట్టినవి ఇసుక మీద గూళ్లే.

చెట్టు ముందా, విత్తు ముందా

ఇప్పుడు కంపైలర్ ఉంది, కెర్నెల్ ఉంది, సీ లైబ్రరీ ఉంది. ప్యాకేజీలు కట్టడం మొదలుపెడదాం. డెబియన్‌లో ఏ ప్యాకేజీ కట్టాలన్నా దానికి అవసరమైన మిగతా ప్యాకేజీలు అదే ఆర్కిటెక్చర్ మీద ముందే ఉండాలి. ఆ మిగతావి కట్టాలంటే మరికొన్ని. ఇలా వెనక్కి పోతూ ఉంటే ఎక్కడో ఒక దగ్గర మొదటి ప్యాకేజీయే ఎదురవుతుంది. 'అ' కట్టడానికి 'ఆ' కావాలి, 'ఆ' కట్టడానికి 'అ' కావాలి. చాలాసార్లు ఈ వలయానికి కారణం ప్రోగ్రాం కాదు, దాని మాన్యువల్. ఒక చిన్న లైబ్రరీ సహాయ పత్రాన్ని అందంగా అచ్చువేయడానికి ఒక పెద్ద టైప్‌సెట్టింగ్ వ్యవస్థ కావాలంటుంది, దానికి ఫాంట్ల లైబ్రరీలు కావాలి, వాటికి చివరికి ఆ చిన్న లైబ్రరీయే కావాలి.

వలయాన్ని తెంచే ఉపాయం మోటుగానే ఉంటుంది. మాన్యువల్ లేకుండా, పరీక్షలు నడపకుండా, ఐచ్ఛికమైన హంగులన్నీ తీసేసి ఒక బక్కచిక్కిన ప్యాకేజీ కట్టడం. దాని ఆసరాతో మిగతావి కట్టి, చివర్లో వెనక్కి వచ్చి పూర్తి రూపంలో మళ్లీ కట్టడం. మొదటి కొన్ని ప్యాకేజీలనైతే ఇంకో యంత్రం మీదే, అంటే మామూలు ఇంటెల్ కంప్యూటర్ మీద కూర్చుని రిస్క్-ఫైవ్ కోసం కట్టాలి. దీన్ని క్రాస్ కంపైలింగ్ అంటారు.

తన భాషలోనే రాసుకున్న కంపైలర్లు ఈ వలయంలో అన్నిటికంటే మొండివి. రస్ట్ కంపైలర్ రస్ట్‌లో రాసినది; కొత్త వెర్షన్ కట్టాలంటే అంతకు ముందు వెర్షన్ చేతిలో ఉండాలి. హాస్కెల్ కంపైలరూ అంతే. రస్ట్ లేకపోతే ఏమవుతుంది, అదేదో కుర్రవాళ్ల భాష కదా అనుకునే కాలం పోయింది. వెబ్ చిత్రాలను గీసే లిబ్‌ఆర్‌ఎస్‌వీజీ అనే పాత లైబ్రరీ 2017 ప్రాంతంలో రస్ట్‌లోకి మారడం మొదలుపెట్టింది. 2021లో పైథాన్ ప్రపంచంలో విస్తృతంగా వాడే క్రిప్టోగ్రఫీ లైబ్రరీ కూడా రస్ట్‌ను తప్పనిసరి చేసింది. రస్ట్ అందని పాత ఆర్కిటెక్చర్లను మోస్తున్నవారు అప్పుడు చేసిన గొడవ చిన్నది కాదు. సర్వర్ల నిర్వహణకు వాడే పైథాన్ సాధనాలు ఎన్నో ఆ లైబ్రరీ మీద నిలబడి ఉన్నాయి మరి. రిస్క్-ఫైవ్ అదృష్టం ఏమిటంటే, అది వచ్చేనాటికి రస్ట్ బృందం దానికి చోటు ఇచ్చింది. జావాకు మాత్రం కొంతకాలం ఆగాల్సి వచ్చింది. 2022 సెప్టెంబరులో వచ్చిన జావా సాధనాల కూర్పు జేడీకే 19లోనే రిస్క్-ఫైవ్‌కు సరైన కంపైలర్ చేరింది. అంతవరకు జావా ప్రోగ్రాం ఒక్కో ఆదేశాన్ని కూడబలుక్కుంటూ చదివే నెమ్మది ఇంటర్‌ప్రెటర్ మీదే ఈదుకుంటూ వచ్చింది.

ఇలా 2018 నుంచి స్వచ్ఛంద కార్యకర్తలు డెబియన్ అనధికార పోర్టుల వాడలో రిస్క్-ఫైవ్ ప్యాకేజీలను వేల సంఖ్యలో పోగుచేశారు. 2023 జులైలో దానికి అధికారిక హోదా వచ్చింది. వచ్చిన వెంటనే ఏం చేశారో తెలుసా? అయిదేళ్ల పంటను పక్కన పెట్టి, దాదాపు ఖాళీగా ఉన్న కొత్త భండారంతో మళ్లీ మొదలుపెట్టారు. పాత వాడలోని సాయంతో తొంభై దాకా సోర్స్ ప్యాకేజీలను కొత్తగా కట్టి తెచ్చారు, బిల్డ్ యంత్రాలు నిలబడటానికి చాలినన్ని మాత్రమే. మిగతావన్నీ ఆ యంత్రాలు సొంతంగా కట్టుకోవాలి.

ఇది చాదస్తంలా కనిపించవచ్చు. కానీ సర్వర్ మీద నడిచే ప్రతి బైనరీ ఎవరి యంత్రం మీద, ఎవరి అదుపులో తయారైందో చెప్పగలగాలి. కంపైలర్ బైనరీలో దొంగ దారి దాచి, సోర్స్‌లో ఆనవాలు లేకుండానే అది తరతరాలుగా కొనసాగేలా చేయవచ్చని లినక్స్‌కు పూర్వీకుడైన యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లోనే చూపించారు. ఎవరో ఇంట్లో డెస్క్ కింద పెట్టుకున్న బోర్డు మీద కట్టిన ప్యాకేజీని, ఆ మనిషి ఎంత మంచివాడైనా, బ్యాంకు సర్వర్‌కు ఎక్కించలేరు.

నెమ్మది యంత్రం అందరినీ ఆపుతుంది

అంత శ్రమ ఎందుకు, వేగంగా ఉండే ఇంటెల్ సర్వర్ల మీద కూర్చుని మొత్తం క్రాస్ కంపైల్ చేయవచ్చు కదా? కొన్ని వ్యవస్థలు అలాగే చేస్తాయి. డెబియన్ తన ప్యాకేజీలను ఆయా ఆర్కిటెక్చర్ల సొంత యంత్రాల మీదే కడుతుంది. ముఖ్య కారణం పరీక్షలు. ప్యాకేజీ కట్టగానే దాని పరీక్షలు అక్కడికక్కడే నడుస్తాయి. రిస్క్-ఫైవ్ కోసం కట్టిన ప్రోగ్రాం ఇంటెల్ మీద నడవదు కాబట్టి క్రాస్ కంపైలింగ్‌లో ఆ పరీక్షలు గాలిలో కలుస్తాయి. చిప్‌ను అనుకరించే క్యూఎము లాంటి ఎమ్యులేటర్‌లో నడపవచ్చు. కానీ అది అసలు చిప్ కంటే మర్యాదస్థుడు. నిజమైన చిప్ బయటపెట్టే తప్పులు కొన్ని అందులో బయటపడవు.

కాబట్టి నిజమైన యంత్రాలే కావాలి. డెబియన్‌కు బిల్డ్ యంత్రాలుగా పనిచేసిన వాటిలో సైఫైవ్ కంపెనీ హైఫైవ్ అన్‌మ్యాచ్డ్ బోర్డులున్నాయి. నాలుగు కోర్లు, 1.2 గిగాహెర్ట్జ్, 16 జీబీ మెమరీ. ఈ రోజు ఒక మోస్తరు ఫోను దాన్ని దాటిపోతుంది. దాని మీద బ్రౌజర్‌నో పెద్ద కంపైలర్‌నో కట్టడమంటే కట్టెల పొయ్యి మీద ఊరందరికీ వంట. పెద్ద సర్వర్ మీద పూటలో అయ్యే పని ఇక్కడ రోజులు తింటుంది. 'ఇంతసేపు కదలిక లేకపోతే చచ్చిపోయినట్టే' అని పరీక్షల్లో రాసుకున్న గడువులు దాటిపోయి, మంచి ప్రోగ్రాం కూడా తప్పినట్టు నమోదవుతుంది.

ఒక ఆర్కిటెక్చర్ అధికారికమయ్యాక దాని నెమ్మదితనం దాని సొంత సమస్యగా మిగలదు. ప్యాకేజీ కొత్త వెర్షన్ డెబియన్ అస్థిర శాఖ నుంచి పరీక్షా శాఖకు వెళ్లాలంటే, ముందు ఏ ఆర్కిటెక్చర్ల మీద ఉందో వాటన్నిటి మీదా కట్టుబడాలి. రిస్క్-ఫైవ్ మీద ఆగితే ఇంటెల్ వాడేవారికీ ఆగుతుంది. కాబట్టి కొత్త ఆర్కిటెక్చర్‌ను చేర్చుకోవడమంటే, దాని పేరు కూడా వినని వందలాది ప్యాకేజీల నిర్వాహకుల మీద కొత్త పని పెట్టడమే. అనధికార వాడలో అయిదేళ్లు ఉంచడంలోని తర్కం ఇదే. కొత్త కోడలు వంటింట్లోకి రాకముందే అత్తగారు చూసుకునేవన్నీ చూసుకున్నారు.

దాగిన అలవాట్లు

ఇక అసలు కథ. ప్యాకేజీలు ఎందుకు కట్టుబడవు, కట్టుబడినా ఎందుకు తప్పుగా నడుస్తాయి?

కొన్ని కారణాలు నవ్వు తెప్పిస్తాయి. చాలా పాత ప్యాకేజీల్లో యంత్రాన్ని గుర్తుపట్టే చిన్న స్క్రిప్టు ఒకటి ఉంటుంది. పదిహేనేళ్ల కిందట దాన్ని నకలు చేసి పెట్టుకున్న ప్రాజెక్టు, రిస్క్-ఫైవ్ పేరు వినగానే 'ఎవరు నువ్వు?' అని ఆగిపోతుంది. కొత్త నకలు పెడితే చాలు. ఆర్మ్ 64 బిట్ల పోర్టు డెబియన్ 8తో 2015లో వచ్చినప్పుడే ఈ బెడద తలెత్తింది. స్క్రిప్టును ప్రతిసారీ తాజాగా తెచ్చుకునే ఏర్పాటు డెబియన్ బిల్డ్ సాధనాల్లో అలవాటైంది. రిస్క్-ఫైవ్‌కు ఆ దారి అప్పటికే చదునై ఉంది.

కొన్ని అంత నవ్వులాటగా ఉండవు. సీ భాషలో ఒక బైటు పట్టే 'చార్' అనే రకం ఉంది. అది రుణ సంఖ్యలను కూడా పట్టాలా, ధన సంఖ్యలనే పట్టాలా అన్నది భాష తేల్చలేదు, ఆర్కిటెక్చర్‌కు వదిలేసింది. ఇంటెల్ లినక్స్‌లో అది రుణ సంఖ్యలనూ పడుతుంది, -128 నుంచి 127 దాకా. ఆర్మ్ లినక్స్‌లో, ఐబీఎం పవర్‌లో, రిస్క్-ఫైవ్‌లో 0 నుంచి 255 దాకా. ఫైలులో అక్షరాలు ఒక్కొక్కటే చదువుతూ, చివరికి రాగానే వచ్చే -1 చూసి ఆగే ప్రోగ్రాంలు లెక్కలేనన్ని. చదివిన విలువను నిర్లక్ష్యంగా 'చార్'లో వేసుకున్న ప్రోగ్రాం ఇంటెల్ మీద ఆగుతుంది. రిస్క్-ఫైవ్ మీద -1 కాస్తా 255 అయిపోతుంది, పోలిక ఎప్పటికీ కుదరదు, ప్రోగ్రాం ఫైలు అంచు దాటి అనంతంగా తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ తెలుగువారికి సొంతమైన ఒక ముచ్చట ఉంది. యూటీఎఫ్-8లో తెలుగు 'అ' మూడు బైట్లు: 224, 176, 133. మూడూ 127 కంటే ఎక్కువే. అంటే ఇంటెల్ మీద 'చార్' లెక్కలో మన 'అ' విలువ -32, -80, -123. అక్షరం విలువను పట్టికలో వరుస సంఖ్యగా వాడే ప్రోగ్రాంకు ఇంగ్లిష్ ఎంత ఇచ్చినా ఏమీ కాదు. దాని అక్షరాలన్నీ 127 లోపే. తెలుగు ఇస్తే పట్టికకు ముందున్న, తనది కాని జాగాలోకి వెళ్లి చదువుతుంది. అదే ప్రోగ్రాంను రిస్క్-ఫైవ్ మీద కడితే, 256 గళ్ల పట్టిక ఉంటే చాలు, తెలుగు సరిగ్గా నడిచిపోతుంది. కొత్త ఆర్కిటెక్చర్ తప్పులు తెచ్చిపెడుతుందని అంటారు గాని, చాలాసార్లు తప్పు పాతచోటే ఉంది. అక్కడ దాన్ని తాకేవారు లేరంతే.

రిస్క్-ఫైవ్‌కే ప్రత్యేకమైన తలనొప్పి అటామిక్ ఆదేశాల దగ్గర వచ్చింది. రెండు కోర్లు ఒకే విలువను ఏకకాలంలో మారుస్తుంటే మధ్యలో ఎవరూ దూరకుండా చూసేవి ఇవి. రిస్క్-ఫైవ్ మూల నిర్దేశంలో ఇవి నాలుగు, ఎనిమిది బైట్ల విలువలకే ఉన్నాయి. ఒక బైటు జెండాను అటామిక్‌గా మార్చాలంటే చుట్టూ ఉన్న నాలుగు బైట్లను పట్టుకుని కసరత్తు చేయాలి. జీసీసీ ఆ కసరత్తును తాను రాయకుండా లిబ్‌అటామిక్ అనే వేరే లైబ్రరీకి అప్పగించేది. ఇంటెల్ మీద ఆ లైబ్రరీ అవసరమే పడని ప్రాజెక్టులు దాన్ని జతచేయాలని ఎక్కడా రాసుకోలేదు. ఫలితం, ప్యాకేజీ తర్వాత ప్యాకేజీ చివరి మెట్టు మీద జారిపడటం. ఒక్కోదానికీ ఒక్క వరుస ప్యాచ్, అంటే చిన్న సవరణ. ఒక్క వరుసే, కానీ ప్రతిదానికీ ఒక నివేదిక, ఒక వివరణ, నిర్వాహకుడి జవాబు కోసం వారాల ఎదురుచూపు. 2024లో వచ్చిన జీసీసీ 14 ఆ కసరత్తును తానే చేయడం మొదలుపెట్టాక ఈ వాన వెలిసింది. కంపైలర్‌లో ఒక మార్పు వందల ప్యాచ్‌ల పని చేసిందంటే, ముందే ఆ పని ఎందుకు చేయలేదని అడగాలనిపిస్తుంది. వందల ప్యాచ్‌లు పడితే గాని కంపైలర్‌లో సరిచేయాల్సినంత పెద్ద సమస్య అని తేలలేదు, బహుశా.

అన్నిటికంటే దొరకని దొంగ మెమరీ వరుస. పంక్తి భోజనాల్లో వంటవాడు విస్తట్లో వడ్డించి, తర్వాత గంట కొడతాడనుకుందాం. గంట విన్నవారు వచ్చి కూర్చుంటారు. ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక కోర్ చేసిన రాతలు ఇతర కోర్లకు అదే వరుసలో కనిపిస్తాయి. గంట వినిపించిందంటే విస్తట్లో అన్నం ఉన్నట్టే. రిస్క్-ఫైవ్‌లో, ఆర్మ్‌లో ఆ హామీ లేదు. ప్రోగ్రాం ప్రత్యేకంగా కోరకపోతే గంట ముందు వినిపించి, విస్తరి ఇంకా ఖాళీగా కనిపించవచ్చు. చిప్ వేగం కోసం ఇచ్చుకున్న స్వేచ్ఛ అది. వరుస కావాలని చెప్పే ఆదేశాలున్నాయి. ఇంటెల్ మీద పెరిగిన కోడ్‌కు వాటిని అడగాలని తెలియదు. ఇలాంటి తప్పు పదిసార్లు నడిపితే కనిపించదు. పది వేలసార్లలో ఒకసారి, అదీ సర్వర్ మీద ఒత్తిడి ఎక్కువైన రాత్రి, డేటాబేస్‌లో ఒక వరుస తప్పుగా కనిపిస్తుంది. పవర్, ఆర్మ్ పోర్టుల కోసం చెమటోడ్చినవారు ఈ దొంగల్లో చాలామందిని ముందే పట్టేశారు. రిస్క్-ఫైవ్ ఎక్కిన మెట్లలో సగం వారు చెక్కినవే.

ఈ పాఠాలు యూనిక్స్ అంత పాతవి. 1970ల చివర్లో ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయం, అమెరికాలోని బెల్ ల్యాబ్స్ దాదాపు ఒకే సమయంలో యూనిక్స్‌ను పీడీపీ-11 కంప్యూటర్ నుంచి ఇంటర్‌డేటా యంత్రాల మీదకు తెచ్చాయి. కొత్త యంత్రం బైట్లను జంటల్లో తిరగేసి చదవడంతో 'యూనిక్స్' పేరు 'నుక్సి'గా అచ్చయిందన్న ముచ్చట ఆ కాలపు పోర్టుల గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. రిస్క్-ఫైవ్ బైట్ల వరుసలో ఇంటెల్ దారినే నడుస్తుంది కాబట్టి డెబియన్‌కు ఆ బెడద రాలేదు.

లేపడం కూడా తేలిక కాదు

సర్వర్‌కు మరో గడప ఉంది. ఇంటెల్ సర్వర్ ఎవరు చేసినా ఒకే ఇన్‌స్టాలర్‌తో లేస్తుంది. దశాబ్దాల పీసీ సంప్రదాయం దానికి అండ. రిస్క్-ఫైవ్ బోర్డుల తొలి తరానికి అలాంటి సంప్రదాయం లేదు. చిప్‌లో మూడు అధికార స్థాయిలుంటాయి. అట్టడుగున, సర్వాధికారాలతో, ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ నడుస్తుంది. మన బ్యాంకుకూ దీనికీ చుట్టరికం లేదు. కెర్నెల్‌కు అది ఒక దొరగారు, టైమర్ కావాలన్నా, ఇంకో కోర్‌ను లేపాలన్నా ఆయన్ను అడగాలి. ఆ తర్వాత కెర్నెల్‌ను తెచ్చి లేపే యూ-బూట్, ఆ పైన కెర్నెల్. బోర్డు మీద ఏ పరికరం ఏ చిరునామాలో ఉందో చెప్పే జాబితాను ఒక్కో బోర్డుకు విడిగా రాయాలి. బోర్డులు అమ్మేవారు తమ సొంత సవరణలతో పాత కెర్నెల్ ఒకటి అంటగట్టి అమ్మేస్తారు. ఆ సవరణలు అసలు కెర్నెల్‌లోకి చేరేదాకా డెబియన్ సొంత కెర్నెల్ ఆ బోర్డు మీద సగం కుంటుతుంది.

వందల సర్వర్లు కొనేవారు ఇది భరించరు. వారికి పీసీల్లో ఉన్నట్టే యూఈఎఫ్‌ఐ ఫర్మ్‌వేర్ కావాలి, పరికరాల జాబితా అదే సంప్రదాయానికి చెందిన ఏసీపీఐ పట్టికల్లో కావాలి, ఒకే డిస్కు అన్నిటి మీదా లేవాలి. లినక్స్ కెర్నెల్‌లో రిస్క్-ఫైవ్ ఏసీపీఐ 2023లోనే రావడం మొదలైంది. క్లౌడ్‌కు ప్రాణమైన వర్చువల్ యంత్రాలకు వేరే ఆదేశాల ముక్క కావాలి. డెబియన్ ప్యాకేజీలు కట్టిన ఆ అన్‌మ్యాచ్డ్ బోర్డుల్లోనే అది లేదు. 2025లో సర్వర్ల కోసం చేసిన రాకీ లినక్స్ 10 రిస్క్-ఫైవ్‌కు విడుదలైంది, రెడ్ హ్యాట్ తన ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10ను డెవలపర్ల కోసం ముందస్తుగా ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ వైపు బల్లలు వేసి విస్తళ్లు పరిచారు. తినడానికి రావలసిన పెద్ద సర్వర్ చిప్‌లదే ఆలస్యం.

మన దేశానికి ఇందులో వాటా ఉంది. ఐఐటీ మద్రాసు 'శక్తి' ప్రాసెసర్లు, కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ 'వేగ' ప్రాసెసర్లు రిస్క్-ఫైవ్ మీద ఆధారపడినవే. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం వీటిని కలుపుకుని డిజిటల్ ఇండియా రిస్క్-ఫైవ్ కార్యక్రమం ప్రకటించింది. సీ-డాక్ తయారుచేసే బాస్ లినక్స్‌కూ, హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెచ్చిన తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మూలం డెబియనే. ఇక్కడ తయారయ్యే 64 బిట్ల చిప్ ఆ ఆర్‌వీ64జీసీ గీతకు కిందికి దిగకుండా నిలబడితే, ఏడున్నరేళ్ల పంట దానికి ఉచితంగా దక్కుతుంది. సొంత తెలివితో ఒక మూల ఆదేశాన్ని మార్చుకుందా, ముప్ఫై వేల ప్యాకేజీలనూ సొంతంగా మోసుకోవాలి.

డెబియన్‌లో తెలుగు కోసం పోతన, వేమన అనే ఫాంట్ల ప్యాకేజీ ఒకటుంది. రిస్క్-ఫైవ్ పోర్టులో దాన్ని ఎవరూ మళ్లీ కట్టలేదు. ఫాంటులో ప్రాసెసర్ ఆదేశాలేవీ ఉండవు కాబట్టి ఇంటెల్ మీదా, ఆర్మ్ మీదా, రిస్క్-ఫైవ్ మీదా అదే ఫైలు, బిట్టు కూడా మారకుండా. ఆ ఫాంటులోని 'క'కు 'ష'వత్తు పెట్టి 'క్ష'గా అమర్చే హార్ఫ్‌బజ్ అనే ఇంజిన్‌ను మాత్రం కొత్త చిప్ కోసం మొదటి నుంచి కట్టి, పరీక్షలు నడిపి, ఆ నాలుగు కోర్ల బోర్డు మీద నెగ్గించాల్సి వచ్చింది.